స్టేజీల మధ్య

ఇరవయ్యారేండ్లు ఊళ్ళ పేర్లు కేకేసినోణ్ణి.
చిత్తూరు నుంచి తిరప్తికి, పెనుమూరు మీదుగా,
రోజుకు రెండు ట్రిప్పులు.
పేరు పిలవడమే నా పని,
దిగడం కాదు.

రిటైరైనాక కొన్నా ఈ సైకిలు.
పాతది, బెల్లు లేదు.
మెడలో ఈలుండాది, చాల్లే అనుకున్నా.

చీకటుండంగానే బయల్దేరితే
మొదటి స్టేజి కాడ్నే తెలిసొచ్చింది
టిక్కెట్టు మీద ఏడు రూపాయల దూరం
మోకాళ్ళకు ఎంత పడతాదో.
డ్రైవరు దొరసామి గేరు మార్చినప్పుడల్లా
బస్సు ఒక మూలుగు మూలిగేది.
ఆ మూలుగు పేరే మిట్ట అని
ఇన్నాళ్ళూ నాకెవురూ చెప్పలా.

గొల్లపల్లె అంటే నా లెక్కలో
నాలుగు పాలక్యాన్లు, ఒక లగేజీ టిక్కెట్టు.
ఈ పొద్దు చూస్తే ఆ ఊరికొక వాసనుండాది.
చెరుకుపిప్పి పొగ, కాగే బెల్లం,
దాని వెనకాల్నే బెంగుళూరా తోపుల పూత.
డీజిలు కింద ఎంత దాగుండాదో!
గానుగ కాడ పాకం తిప్పే మనిషిని
నీళ్ళున్నాయా అని అడిగినా, అంతే.
తలెత్తకుండానే అన్నాడు
"ఏం కండెక్టరన్నా, బస్సేదీ?"

పెనుమూరు దాటినాక
పసుపు గుడ్డలు కట్టుకోని కొండకు నడిచిపోయే అరవోళ్ళు.
అరికాలు బొబ్బలెక్కిన ఒకాయన
ఇంకెంత దూరం సామీ అని వాళ్ళ బాసలో అడిగితే
"పద్దెనిమిది రూపాయలు" అనేసినా.
ఆయన నవ్వలేదు.
మూట తడుముకున్నాడు పాపం.

కొండకిందపల్లె.
రిక్వెస్టు స్టాపు. చెయ్యెత్తితే ఆగాల.
ఎన్నిసార్లు ఆగకుండా పోయినామో
నాకూ దొరసామికీ తెలుసు.
పంపుసెట్టు షెడ్డు నీడలో ఒక ముసలామె,
కన్నెమ్మంట,
నన్ను కిందికీ పైకీ చూసి
ఆకువక్కల తిత్తి విప్పింది.
సున్నం మరకల మడతలోంచి ఒక టిక్కెట్టు.
అచ్చంతా పోయింది.
వెనకపక్క నా చేతిరాత మాత్రం పోలా:
2-50, దాని కింద నా వంకర సంతకం.

"చిల్లర లేదు, దిగేటప్పుడు తీసుకో అంటివి.
నేను దిగి తిరిగేలోపల ఈల కొడితివి.
ఆ పొద్దు రుయాసుపత్రికి, పాప కాన్పుకు.
ఆ డబ్బుల్తో బన్ను కొందామనుకుంటి.
ఎవురో తల్లి కొనిచ్చింది లే."

కోపం లేదు గొంతులో.
స్టేజి పేరు చెప్పినట్టు చెప్పింది.

పది నోటిచ్చినా. తీసుకోలా.
"నాకెందుకు నీ దుడ్డు? నాదే ఇయ్యి."
జేబంతా దులిపితే రెండు రూపాయల బిళ్ళ దొరికింది.
అర్ధరూపాయి నా కాడ లేదు,
పక్కన బీడీ కట్టలమ్మే పిల్లోడి కాడ లేదు,
ఆ బిళ్ళెట్లుంటాదో కూడా వాడికి తెలీదు.

పెన్నిచ్చింది ఆమే, మనవడి పెన్ను.
2-50 కొట్టేసి
0-50 అని రాసి, సంతకం పెట్టినా.
చదవలేదామె. మడిచి
మళ్ళీ తిత్తిలో పెట్టుకునింది.

పచ్చికాపల్లం మిట్ట తొక్కలేక దిగి
సైకిలు తోసుకుంటా పోతావుండా.
ఇంకా పదకొండు స్టేజీలు.
ఎన్ని తిత్తుల్లో ఉండానో.
ఎదురుగా వచ్చే బస్సు కండెక్టరు, చిన్నపిల్లోడు,
ఫుట్‌బోర్డు మీద్నించి ఏదో పేరు కేకేసినాడు.
ఊరు పేరో, నా పేరో
గాలికి తెలీలా.