ఛ ప్రతిలో మాత్రమే

పదకొండు తాళపత్ర ప్రతులు, క నుంచి ట దాకా.
ట్రిప్లికేన్‌లో మేడమీది గది.
ఫ్యాను వేస్తే ఆకులు లేస్తాయని
మే నెలలో కూడా ఆపేసి కూర్చుంటాం.
నా పని పోల్చి చూడడం.
పదింటిలో ఉంటే మూలం,
ఒక్కదాంట్లోనే ఉంటే ప్రక్షిప్తం.
కందాడ వరదయ్య గారు ఆ మాట అనేటప్పుడు
ఉత్తరీయం మీద ఏదో పడ్డట్టు దులుపుకుంటారు.

ఛ ప్రతిని పులికాట్ వైపు నుంచి
బియ్యం సంచిలో ఎవరో తెచ్చి ఇచ్చారట.
రాసినవాడికి శకటరేఫ తెలీదు,
యతి రెండుచోట్ల తప్పాడు.
వాడి దగ్గర మాత్రమే ఉందీ పద్యం:
ఊరేగింపులో వానకు తడిసిన అమ్మవారు
పల్లెకారుల ఇంటి తలుపు కొట్టి
పొడిబట్ట అడుగుతుంది.
లోపలి మనిషి పేరు కాటమ్మ.
ఉన్నవి రెండే కోకలు.
చేపల వాసన లేనిది ఏదా అని
వెతుకుతూ నిలబడుతుంది.

ఆ తర్వాత రెండు పాదాలు
పురుగు తినేసింది.

"అధోజ్ఞాపికలో వెయ్యమ్మా," అన్నారాయన,
"ఎనిమిది పాయింట్లలో."

మా అక్క కూతురు వకుళ
లాంగ్ నోట్‌బుక్కులో ఒక కథ రాస్తోంది.
ఎవరో రాసిన నవల పదో భాగంలో చచ్చిపోయిన సరంగు
దీంట్లో నాగపట్నంలో టీకొట్టు పెట్టుకున్నాడు.
"రాసినాయనే చంపేశాడు కదే?"
"చంపి వెళ్ళిపోయాడు పిన్నీ.
శవాన్ని ఎవరు చూశారు?"
వరదయ్య గారికి ఈ మాట చెప్పలేదు.

కింది వాటాలో ఇళంగో, వాన లెక్కల ఆఫీసు.
ఆ డిసెంబరులో ఒక రాత్రి ఒక్క గేజీ మాత్రం
పక్కవాటికి మూడింతలు చూపించింది.
పరికరదోషం అని రాసి, కొట్టేసి, పడుకున్నాడు.
తెల్లారేసరికి మా మెట్లు నాలుగు కనపడలేదు.
తడి లుంగీతో మా వంటింటి గడప మీద కూర్చుని
"కొట్టేయాలనే రూలక్కా," అన్నాడు.
"వందలో తొంభైతొమ్మిదిసార్లు
గరాటులో సాలెగూడే ఉంటుంది."
నిజమే. నాకు తెలుసు.
ఛ ప్రతివాడు ఇంకోచోట
శ్రావణంలో మామిడికి పూత పూయించాడు.

ఆ సాయంత్రమే
పూలమ్మే సెల్వి తలుపు తట్టింది,
జడలోంచి నీళ్ళు కారుతుంటే.
ఒక పొడిచీర ఉంటే ఇమ్మంది.
బీరువా తెరిచాను. నావి ఇరవైరెండు.
ఏది ఇవ్వకూడదా అని
వెతుకుతూ నిలబడ్డాను.
వెనకాల ఆమె పళ్ళు టకటకమంటున్నాయి.
పురుగు తిన్న రెండు పాదాల్లో ఏముండి ఉంటుందో
అప్పుడు అర్థమైంది.
కాటమ్మ చేసిన ఆలస్యం ఉంటుంది.

మా నాన్న పుట్టింది చూళైలో.
"బాగుండారా" అంటే బెజవాడ చుట్టాలు
మొహాలు చూసుకుని నవ్వేవాళ్ళు.
నిఘంటువు తెరిస్తే మా ఇంటి మాటలు సగం లేవు,
ఉన్న సగం పక్కన చిన్నక్షరాల్లో "మాండ." అని.
ఆయన దాన్ని మందలింపు అనుకున్నాడు చాలాకాలం.
నేను పుట్టి పెరిగిందీ
పేజీ అడుగున, గీత కిందే.

సెల్వి ఆ చీర తిరిగివ్వలేదు.
నాలుగు మడతలు వేసి దానిమీదే కూర్చుని
ఇప్పటికీ కనకాంబరాలు కడుతుంది.
అంచు బాగుంటుందా చీరది. కొంచెం బాధగా ఉంటుంది.

పుస్తకం వచ్చింది.
ఒక ఫారం తగ్గుతుందని ఆఖరి ప్రూఫులో
ఆ అధోజ్ఞాపిక మొత్తం ఎత్తేశారు.
నూట పన్నెండో పేజీలో
వాన పద్యం చివర నక్షత్రం గుర్తు మాత్రం అలాగే ఉంది.
కింద చూస్తే తెల్లకాగితం.
ఆ పేజీ నేను మూడుసార్లు దిద్దాను.

నిన్న చిత్తూరు నుంచి ఎవరో ఫోను చేసి
ఆ చుక్క దేనికండీ అని అడిగారు.
"అచ్చుతప్పు," అన్నారు వరదయ్య గారు.
ఫోను పెట్టేశాక
నా వైపు చూడకుండా
ఉత్తరీయం సర్దుకున్నారు.
దులుపుకోలేదు.