చన్నీళ్ళు

రోము నగరానికి వీపు లేదు.
ముందు నుంచి చూస్తే పాలరాయి,
వెనక్కి వెళితే గుంజలు, తాళ్ళు,
నీడకోసం చేరిన మా గాడిద.
వార్జాజాత్ దాటి రాళ్ళదారిలో నాలుగు మైళ్ళు,
ఎడారి అంచున ప్లాస్టర్‌తో పోసిన సామ్రాజ్యం.
గాలి గట్టిగా వీచిన రోజు
ఓ దేవుడి ముక్కు ఊడి మా మేకల మధ్య పడింది.

నా పేరు ఇట్టో. బట్టల టెంటులో పని.
చచ్చిపోయేవాళ్ళ బట్టలు ఉతికి
మళ్ళీ చావడానికి సిద్ధం చేస్తాను.

పగ తీరడానికి ఎంతసేపు పడుతుందో
నన్నడగండి.
నిన్న పొద్దున ఏడింటికి మొదలైంది.
తండ్రిని చంపిన సేనానిని కొడుకు పొడవాలి,
అంతే సీను.
మొదటిసారి కత్తి వంగింది.
రెండోసారి మబ్బు అడ్డొచ్చింది.
అయిదోసారి చచ్చినవాడికి తుమ్మొచ్చింది.
తొమ్మిదోసారి అన్నీ కుదిరాయి గానీ
చంపినవాడి కంట్లో కసి చాల్లేదట,
దర్శకుడు తల అడ్డంగా ఊపాడు.
పదిహేడుసార్లు పొడిచాక
కొడుకూ సేనానీ ఒకే పళ్ళెం ముందు కూర్చుని
పుదీనా టీ ఊదుకుంటూ తాగారు.
సేనాని ఛాతీ చుట్టూ కందిరీగలు.
సినిమా నెత్తురు పంచదార పాకం కదా,
గోరువెచ్చని నీళ్ళలో ఒక్కసారి జాడిస్తే
ఏమీ జరగనట్టు పోతుంది.

ఇవాళ సెనేటర్లు కావాలన్నారు.
ముసలివాళ్ళు. గడ్డం గీయించుకుంటే
మనిషికి ఇరవై దిర్హమ్‌లు ఎక్కువ.
బస్సు దిగిన నలభై మందిలో
ముప్ఫయ్యొకటోవాడు మౌలూద్.

కోబాల్టు గనిలో మేస్త్రీ.
లోపల దుంగలు కూస్తున్నాయని
మా అన్న ఇదీర్ పైకొచ్చి చెబితే
"దిగుతావా, పేరు కొట్టెయ్యనా?" అన్నవాడు.
మూడింటికి కొండ ఒకసారి దగ్గింది.
సాయంత్రం పేరు కొట్టేశాడు,
వేరే రంగు సిరాతో.
మా అమ్మకి రెండు బస్తాల పిండి, ఒక దుప్పటి ఇచ్చారు.
పిండి తిన్నాం.
దుప్పటి గాడిద మీద వేసింది అమ్మ.

పన్నెండేళ్ళ నుంచీ
ఎదురుపడితే ఏమనాలో
రాత్రుళ్ళు మాటమీద మాట పేర్చుకున్నాను.
ఇప్పుడు నా ముందు చేతులు చాపి నిలబడ్డాడు,
పండక్కి కొలతలిచ్చే పిల్లాడిలా.
గడ్డం పోయిన మొహం ఒలిచిన గుడ్డులా ఉంది.
నన్ను గుర్తుపట్టలేదు.
ఆ సంగతి నేను పేర్చుకున్నవాటిలో లేదు.

పన్నెండు మూరల తెల్లబట్ట.
ఎడమభుజం మీంచి వెనక్కి వేసి
కుడిచంక కింద నుంచి లాగి
మళ్ళీ భుజమ్మీదకి.
చెవి దగ్గరగా ఉంది నాకు.
అతను ఊపిరి తీస్తుంటే లోపల గులకరాళ్ళు దొర్లుతున్నాయి.
గని అతన్నీ నములుతోందన్నమాట.
జాలిపడ్డాననుకునేరు,
లెక్క చూసుకున్నాను.
ఒకవైపు ఇదీర్, ఒకవైపు ఈ దగ్గు.
కుదర్లేదు.

పిన్నీసు నా పళ్ళమధ్య ఉంది.
బట్ట వరకు గుచ్చాలో, బట్ట దాటి గుచ్చాలో
వేళ్ళకి తెలుసు.
"అబ్బా" అన్నాడు.
"కదలకు" అన్నాను.
పన్నెండేళ్ళ గుట్టలోంచి
బయటికి ఊడిపడింది ఆ ఒక్క మాట.

గోధుమగింజంత ఎరుపు.
"పర్లేదు చెల్లీ, మడతలో కనబడదు" అని
వెళ్ళి నాలుగో మెట్టుమీద కూర్చున్నాడు.
చక్రవర్తి కూలినప్పుడు
అందరితోపాటు హడలిపోయి లేచాడు,
పదకొండుసార్లు.
బాగానే చేశాడన్నారు.

రాత్రి కుప్పలోంచి ఆ బట్ట వెతికి తీశాను.
కొత్తగా చేరిన పిల్ల తూదా
వేడినీళ్ళ బిందె ఎత్తుకొచ్చింది.
చెయ్యి పట్టుకుని ఆపాను.
ఇది పాకం కాదే పిల్లా,
వేడి తగిలిందా, దారంలోకి దిగి కూర్చుంటుంది.
చన్నీళ్ళు పట్రా. చాలాసేపు రుద్దాలి.

ఎవరిదీ, అని అడిగింది.

గుప్పెడు ఉప్పు కూడా తెమ్మన్నాను.