ముప్పై మూడో గంట

ఆమదాలవలస హేచరీ నుంచి
ఊకలో పెట్టి తవిటయ్య తెచ్చిన డజను గుడ్లు.
థర్మోకోల్ పెట్టె, జీరో బల్బు, ఒక తడిగుడ్డ.
రాత్రి శ్రీకాకుళమంతా రెండుసార్లు కరెంటు పోతే
కాలేజీ వరండాలో పడుకున్నవాడు లేచి
తన దుప్పటి తీసి కప్పాడట.

గోరువెచ్చని ఉప్పునీటిలో పెంకు విప్పాను.
పచ్చసొన మీద బియ్యపు గింజంత తెలుపు.
"అన్‌లాగె" అన్నాను. "జర్మన్ మాట.
ఇంగ్లీషువాళ్లు అరువు తెచ్చుకుని
తిరిగి ఇవ్వలేదు.
ఇదిగో, ఇక్కడ చూడండి. కన్ను లేదు.
కన్ను రావలసిన చోటు ఉంది."

పద్దెనిమిది తలలు వంగాయి. జడలు జారి బల్లను తాకాయి.
"స్పెల్లింగు, మేడం?"
నాగావళి మీంచి వచ్చిన ఎండ
నల్లబల్ల మీద నా అక్షరాలని సగం తినేసింది.
వెనక బెంచీ దమయంతి
చెవికి అందింది అందినట్టే రాసుకుంది:
ఆనవాలు.

ఎర్రసిరా పెన్ను తీశాను, కొట్టేద్దామని.
కొట్టలేదు.

అప్పుడే కొట్టుకుంది అది.
నెత్తురింకా ఎర్రబడనే లేదు,
పోవడానికి దారుల్లేవు,
గోడలు లేవకముందే
లోపల్నించి ఎవరో తలుపు తట్టినట్టు.

సూదిమొనతో చూపించబోయాను.
తవిటయ్య బకెట్టు కింద పెట్టాడు.
"అలగ సూపెట్టకండమ్మా.
ఆనప పాదుకి పువ్వు ఇచ్చుకోకముందే
దానెనకాల పిందుంటాది.
ఏలెత్తి సూపెడితే కుళ్లిపోద్ది.
మాయమ్మ ఏలు మడిసి సూపించమనీది."

అమ్మాయిలు నవ్వారు.
అది మూఢనమ్మకం అని చెప్పడానికే
నాకు జీతం ఇస్తున్నారు.
సూది ట్రేలో పెట్టి
వేలు మడిచి చూపించాను.

ఉప్పునీరు చల్లారుతోంది. దెబ్బకీ దెబ్బకీ మధ్య
దూరం పెరుగుతోంది. లెక్కపెట్టి రికార్డులో రాస్తున్నారు.

నాకు ఇవాళ్టికి తొమ్మిది రోజులు దాటింది.
ఎవరికీ చెప్పలేదు.
కిందటేడు ఇలాగే చెప్పేశాను.
రాజాం నుంచి ఆడపడుచు సున్నుండలు పంపింది.
ఆ స్టీలు డబ్బా
ఇంకా తిరిగి ఇవ్వలేదు.

"మేడం" అంది దమయంతి పెన్ను ఎత్తి,
"ఆనవాలంటే పోయినదానిదా,
రాబోయేదానిదా?"

బజరు మోగింది. తవిటయ్య పెంకులు ఏరుతున్నాడు,
ఒక్కొక్కటే, చప్పుడు కాకుండా.

"ప్రస్తుతానికి" అన్నాను,
"ఆ గడి ఖాళీ వదిలెయ్యండి."