నిమిషం ధర

సొహార్‌లో పోర్టుకు పోయే రోడ్డు పక్కన
మడత కుర్చీ, చిరిగిన గొడుగు, బొటనవేలి కింద కౌంటరు.
బండ్లు లెక్కపెట్టడం నా పని.
కాగితం మీద ఆరు గళ్ళు:
కారు, పికప్పు, బస్సు, చిన్న లారీ, పెద్ద లారీ, ట్రెయిలరు.
టక్కు. టక్కు. టక్కు.
ఒంటె అడ్డమొస్తే టైము రాయాలని
అడుగున ఒక వాక్యం కూడా ఉంది.
నడిచే మనిషికి గడి లేదు.

తెల్లవారుజాము నాలుగున్నరకు
క్యాంపు గేటు కిర్రుమంటుంది,
వెనకే చెప్పులు.
మూడు లేన్లు, నడుమ ఇనుప కంచె, మళ్ళీ మూడు లేన్లు.
కంచెకు ఒకచోట మనిషి పట్టేంత సందు.
ఎవడు కోశాడో ఎవరూ చెప్పరు, అందరికీ తెలుసు.
రాజలింగు టిఫిను డబ్బాను ముందు అవతల పెడతాడు,
ఆ తర్వాతే తల దూరుస్తాడు.
మొఫిజుల్ లారీ లైట్లను నమ్మడు, కళ్ళు మూసుకుని వింటాడు.
చూపు మోసం చేస్తుంది భాయ్, టైరు చెయ్యదంటాడు.

మార్జిన్‌లో గీతలు గీశాను,
నాలుగు నిలువు, ఒకటి అడ్డం,
మా అమ్మ బీడీ కట్టలకు గోడ మీద గీసినట్టు.
మొదటి రోజు ఎనిమిది వందల పన్నెండు.
శుక్రవారం తక్కువ.

కాగితాలు తీసుకోవడానికి ఇంజనీరు షైమా వచ్చింది,
అబాయా అంచంతా సిమెంటు దుమ్ము.
"ఈ గీతలేంటి?"
"మనుషులు, మేడమ్."
ఆమె నవ్వలేదు. అది నాకు నచ్చింది.
కారు బానెట్ మీద పట్టిక పరిచి
అరబ్బీ కొంత, హిందీ కొంత కలిపి చెప్పింది:
సర్కారు దగ్గర ఐదేళ్ళకు ఒకటే సంచి,
చేతులు చాపిన పనులు నూట నాలుగు.
ఏది ముందన్నది ఎవరి ఇష్టమూ కాదట.
ఎవరికి ఎన్ని నిమిషాలు మిగులుతాయో చూసి
నిమిషానికి ధర కట్టి
ఖర్చు పక్కన పెట్టి తూస్తారట.
కారులో కూర్చున్నవాడి నిమిషానికి ఇన్ని బైసాలు.
కంటైనర్‌లో ఎదురుచూసే సరుకుకు ఇంకొన్ని.
"నడిచేవాడి నిమిషం?"
ఆమె వేలు పట్టిక మీద పైనుంచి కిందికి జారి
కాగితం దాటి
కాలుతున్న బానెట్ మీద ఆగింది.

నా చదువు పదో తరగతిలో ఆగింది,
అయినా ఒక లెక్క నోటికొచ్చు.
మా టైమ్‌కీపరు గోడకు అంటించిన రూలు:
పదిహేను నిమిషాలు లేటయితే సగం రోజు జీతం కోత.
రౌండబౌట్ చుట్టి నడిస్తే నలభై నిమిషాలు,
కంచె సందులోంచి నాలుగు.
"ధర ఉంది, మేడమ్.
ఇచ్చేటప్పుడు కాదు, కోసేటప్పుడు."

మర్నాడు వచ్చి ఆ గోడను ఫోటో తీసుకుంది.

రెండు నెలలకు ఫోను.
కాలినడక వంతెన, పోర్టు రోడ్డు, వరుసలో అరవై ఏడు.
సంచి ఇరవై రెండో నంబరు దగ్గరే అడుగంటుతుంది.
"ఇంతకు ముందు వరుసలోనే లేదు" అంది,
ఓదార్పో, సంబరమో.
పన్నెండోది ఒక కొండ రోడ్డట,
వాదీ పొంగితే మూడు ఊళ్ళకు ఆసుపత్రి అందదట.
దాన్ని కిందికి నెట్టమని ఏ నోటితో అడగను?
మొదటిదేమిటని అడిగాను.
ఫోనులో కాసేపు ఏసీ చప్పుడు.

రాజలింగుకు చెప్తే వేళ్ళు మడిచి చూసి
"అరవై ఏడేనా? రేషన్ లైన్ల ఇంతకంటె
ఎనుక నిలబడలేదా మనం" అన్నడు.
ఆ మాటకు ఇద్దరం నవ్వినం. ఆ తర్వాత నవ్వలేదు.

ఇప్పుడు కొత్త ఫారాలొచ్చాయి.
ఏడో గడి ఉంది, అంచుకు ఇరుక్కుని.
పేరు ఇంకా అచ్చు కాలేదు, ఎవరో పెన్నుతో రాశారు.

నాలుగున్నర. గేటు. చెప్పులు.
ఎటునుంచో ట్రెయిలరు మోత.
కంచె సందులోంచి టిఫిను డబ్బా ఇవతలికి వచ్చింది.
బొటనవేలు ఎత్తిపట్టుకుని
తల కోసం చూస్తున్నాను.