ఇరవై పది

కాశీబుగ్గలో మా బడి రైలుకట్టని ఆనుకుని ఉంటుంది.
తొమ్మిదింటికి తాళం తీస్తానో లేదో
గుమ్మం ముందు చెప్పుల తిరనాళ్ళు.
కుడిది ఎడమకాలికి, ఎడమది కుడికి,
ఒక్క జతయినా తన దారిన తాను రాదు.
సరిచెయ్యడం మానేసి చాలా ఏళ్ళయింది.
నడిచొచ్చారు కదా.

హాజరు పిలుస్తాను.
"మోక్షిత?"
"ఉన్నాను టీచర్."
"ఢిల్లేశ్వర్రావు?"
జవాబు పక్కవాడిది:
"ఆడు రానేదు టీచర్, ఆలింటికాడ కోడి పిల్లల్ని సేసింది."
సెలవని రాయనా, ఎన్ని పిల్లలని అడగనా?
"తొమ్మిది" అన్నాడు అడక్కుండానే.
రిజిస్టరులో అలాంటి గడి లేదు.
అంచున పెన్సిల్‌తో తొమ్మిది వేశాను.

అ రాయమంటే
పోలినాయుడి అ వెనక్కి తిరిగి కూచుంటుంది.
"దీనికి నా మీద కోపమా?" అంటే
"కాదు టీచర్, కిటికీలోంచి సూస్తంది."
నిజమే, కిటికీ అటే ఉంది.
రేపు చెవి పట్టుకుని ఇటు తిప్పుతాను
అక్షరాన్ని, వాణ్ని కాదు.

పదకొండుంపావుకి గూడ్సు వస్తుంది.
పలక మీద బలపం ఆగిపోతుంది,
నోట్లో దాచిన బలపం ముక్క నమలడం కూడా ఆగిపోతుంది.
పదహారుమందీ ఊచలకి వేళ్ళాడి
గొంతులు చించుకుని పెట్టెలు లెక్కెడతారు.
ఇరవై ఎనిమిది, ఇరవై తొమ్మిది,
ఇరవై పది,
ఇరవై పదకొండు...
ముప్ఫై అనేది ఒకటుందని నాకు తెలుసు,
నాకు జీతమిచ్చేది అందుకే.
కానీ కదిలే రైలుకి ఎవరైనా అడ్డం పడతారా?
ఇరవై ఇరవైమూడు దగ్గర గార్డు పెట్టె వచ్చింది.
గార్డు చెయ్యూపాడు,
లెక్క సరిపోయిందన్నట్టు.

కేరేజీల మూతలు తియ్యడం నా ఉద్యోగంలో సగం.
ఎండు నెత్తళ్ళ వాసనకి
పప్పన్నం తెచ్చుకున్నవాళ్ళు
జరిగి, జరిగి, వరస చెడుతుంది.
తర్వాత చాపలు.
"నాకు నిద్దర రాట్లేదు టీచర్, నాకు నిద్ద..."
హంసవేణి నోట్లో ఆ మిగిలిన "ర"
లేచాక పలుకుతుంది కాబోలు.

ఇవాళ రంగులు కలిపాను.
బొటనవేలు ముంచి కాగితం మీద ఒత్తి
ముక్కు గీస్తే కోడిపిల్ల.
ఢిల్లేశ్వర్రావు లేకపోయినా వాళ్ళ కోళ్ళే నిండాయి గదినిండా.
భూలచ్చి తన వేలు కంటికి దగ్గరగా పెట్టుకుంది.
"నా ఏలిమీద దార్లున్నాయి టీచర్.
మా అమ్మ ఏలిమీద నేవు. జీడి తినీసింది."

వాళ్ళమ్మ ఫ్యాక్టరీలో జీడిపిక్కలు కొడుతుంది.
రేషన్ మిషను మూడుసార్లు ఆమె వేలడిగి
మూడుసార్లూ నువ్వెవరన్న రోజు
ఆ వరసలో వెనక నేనున్నాను.
ఏం చెప్పాలో వెతుక్కుంటున్నాను.
ఈలోగా భూలచ్చికి కోడిపిల్ల కాళ్ళ మీద అనుమానమొచ్చింది.
రెండన్నాను.
నాలుగు వేసింది.
"బేగి పరిగెట్టీడానికి."

నాలుగింటికి వాళ్ళమ్మ వచ్చింది,
నల్లబడ్డ వేళ్ళు కొంగులో దాచుకుని.
పిల్ల ఆ కొంగులోంచి బొటనవేలొకటి లాగి,
మిగిలిన పసుపులో ముంచి,
కాగితం మీద ఒత్తేసింది.
గీతా లేదు, మడతా లేదు, నున్నగా, గుండ్రంగా.
"సూడు టీచర్! సెందమామ!"
"ఓలమ్మ, దీనికేటి పట్టింది" అని నవ్వుతూ
ఆవిడ ఆ వేలు తుడుచుకోవడం మర్చిపోయింది.
చందమామ కింద
నాలుగుకాళ్ళ కోడిపిల్లలు పరిగెడుతూనే ఉన్నాయి.

తాళం వేస్తుంటే
గుమ్మంలో ఒకే ఒక్క చెప్పు,
కుడిదో ఎడమదో దానికే తెలీనట్టుంది.
ఒంటి చెప్పుతో ఎవరెళ్ళారో
రేపు హాజరులో తేలుతుంది.
తొమ్మిది పిల్లలూ బాగున్నాయో లేదో
అది కూడా.