నీలం కెటిల్

పదకొండు బారల లోతున
అలిగిన మనిషి గోడవైపు తిరిగినట్టు
ఎల్ఫ్రీడా ఒక పక్కకి ఒరిగి పడుకుంది.
లియాండర్ తల్లి పేరు అది. పడవకీ అదే పెట్టాడు.

చూసింది రాయమంది ఇన్సూరెన్స్ కంపెనీ,
అనుకున్నది రాయొద్దంది.
న్యూఫౌండ్‌లాండ్ నీళ్ళలో, మే నెలలో,
అనుకోవడానికి ఓపిక ఎవడికుంటుంది?
దవడలు కొట్టుకుంటుంటే లైటు వేసి చూశాను.

ఇంజను గది. సముద్రపు నీరు లోపలికి తీసుకునే వాల్వు.
పిడి గొట్టానికి అడ్డంగా ఉంటే మూసినట్టు,
వెంబడి ఉంటే తెరిచినట్టు.
వెంబడే ఉంది.
గొట్టం పట్టీ ఊడి వేలాడుతోంది.
స్క్రూ తల మీద కొత్త గీత ఇంకా మెరుస్తోంది,
ఉప్పునీళ్ళకి దాన్ని తినడానికి పది రోజులు చాలలేదు.

వంటసందులో, పొయ్యి పైన, కొక్కెం.
ఖాళీ.

అది రాయలేదు.
కొక్కెం ఖాళీగా ఉండడం ఏ చట్టంలో నేరం?

పైకి వస్తూ మధ్యలో ఆగాలి, ఒంట్లో ఒత్తిడి దిగేదాకా.
తాడు పట్టుకుని వేలాడుతుంటే అప్పుడు తట్టింది:
పడవ మునిగిన మూడోనాడు
ఓదార్చడానికని వాళ్ళింటికి వెళ్ళాను.
ఫిలోమీనా టీ పోసింది.
ముక్కు సొట్టపోయిన నీలం కెటిల్.
ఎప్పటిలాగే సగం కప్పులో, సగం సాసర్లో.

ఇరవై ఏళ్ళు ఆ పడవ మీద
ఆ సొట్ట ముక్కునుంచి కారిన టీయే తాగాను.
సాసర్ ఎత్తి జుర్రుకున్నాను ఆ రోజు కూడా,
ఏమీ తోచలేదు.

"ఒంటి మీద బట్టలతో బయటపడ్డాను,
ఇంకేమీ దక్కలేదు" అని రాసిచ్చాడు లియాండర్.
కింద సంతకం.
సంతకం కింద, చీమల బారులాంటి అక్షరాల్లో,
అబద్ధమని తేలితే ఏమవుతుందో ఉంటుంది.
రెండేళ్ళుగా వలలో పీత పడనివాడు
చీమల్ని లెక్కపెడతాడా?

కోర్టులో అతని వకీలు మర్యాదస్తుడు.
"వాల్వు ఇంజను అదురుకి తెరుచుకోవచ్చు కదా?"
"తెరుచుకోవచ్చు."
"పట్టీ వదులు కావచ్చు?"
"కావచ్చు."
అక్కడితో దిగిపోవచ్చు నేను.
జడ్జిగారు కాగితంలోంచి తలెత్తకుండానే
"ఇంకేమైనా చూశారా?" అన్నారు.
అరచేతికి బైబిలు అట్ట గరుకు ఇంకా అంటుకునే ఉంది.
"కొక్కెం" అన్నాను.

పోలీసులు వెళ్ళేసరికి పొయ్యి మీదే ఉందట, మరుగుతూ.
వారం తిరిగేసరికి మెడలో చీటీతో
జడ్జిగారి బల్ల మీద కూర్చుంది: ఏడో నంబరు సాక్ష్యం.
తండ్రి వాడిన కెటిల్‌ని సముద్రానికి ఇవ్వలేకపోయాడు.
తల్లి పేరిట పడవని ఇచ్చాడు.
మనిషి ఎక్కడ తెగిస్తాడో, ఎక్కడ ఆగుతాడో
నాకైతే అర్థం కాలేదు.

రెండేళ్ళకి ఒక్క రోజు తక్కువ.
ఆ ఒక్క రోజు దయవల్ల పెద్ద జైలు తప్పి చిన్న జైలు.
ముందుగా పుచ్చుకున్న నలభై వేలూ తిరిగి కట్టాలి.
అడుగున ఉన్న పడవని తీసే ఖర్చూ అతనిదే.
క్లెయిమ్ కొట్టేశారు, బ్యాంకు బాకీ కొట్టెయ్యలేదు.
పడవ మునిగింది, అప్పు తేలింది.
బయటికొచ్చాక ఏ కంపెనీ అతని పేరు రాసుకోదు,
బీమా లేని పడవని ఏ రేవూ కట్టుకోనివ్వదు.

మర్నాటి ఏడు రేవులో అందరి ప్రీమియమూ పెరిగింది.
కోపం అతని మీద కాదు, నా మీద.
ఉన్న మాటకి ఊరికి ఉలుకెక్కువ.
షాపులో చిల్లర నా చేతికివ్వరు, బల్ల మీద పెడతారు.

ఫిలోమీనాకి ముందే తెలుసో లేదో
కోర్టు అడగలేదు. నేనూ అడగలేదు.

తీర్పు రోజు వరండాలో,
చేతులకి సంకెళ్ళు పడే ముందు,
లియాండర్ నా పక్కన ఆగాడు.
తిడతాడనుకున్నాను. తిట్టినా బాగుండేది.
"అడుగున బాగా చలిగా ఉందా?" అన్నాడు,
అమ్మ గురించి అడిగినట్టు.