ముప్పై మూడు గంటలు

పుస్తకంలో మనిషి డెబ్బై కిలోలుంటాడు.
పదమూడో బెడ్డు జకరయ్య నలభై ఆరు,
అదీ దుప్పటితో కలిపి.

రాత్రి రెండు. బెజవాడ పెద్దాసుపత్రి వరండాలో
సిస్టర్ సామ్రాజ్యం ఇచ్చిన టీ చల్లారిపోతుంటే
లెక్క మొదలెట్టాను.
వయసు అరవై ఎనిమిది,
క్రియాటినిన్ రెండు పాయింట్ మూడు.
ఒంటిని ఒకే ఒక తొట్టిగా గీశాను:
పైనుంచి చుక్క చుక్కా వాంకోమైసిన్,
అడుగున ఒక బెజ్జం.

నిద్రపట్టక కూర్చున్నవాడు బొమ్మ చూసి నవ్వాడు.
ముప్పై ఏళ్లు బందరు కాలవ మీద లస్కరు.
"ఎంత వదిలావని కాదమ్మా,
కింద ఎంత లాగుతుందో చూడు.
తూము పూడిందా,
జానెడు నీళ్లకే గట్టు తెగుద్ది."

పూడిన తూము తన కిడ్నీయేనని
చెప్పలేదు నేను.
పన్నెండు గంటలకోసారి అని
ఎవరో అలవాటుగా రాసిన వరస కొట్టేశాను.
ఎక్కిన మందు సగానికి దిగడానికే
ముప్పై మూడు గంటలు.
రెండో మోతాదు ఎల్లుండికి జరిపాను.

"ఇయ్యాల సూది లేదా? డబ్బులు కట్టలేదనా?"
తెల్లారి కోడలు అడిగింది.
ఇవ్వకుండా ఆగడం కూడా వైద్యమేనని
ఏ సమీకరణంతో చెప్పను?
ఆమె చేతిలో ఇడ్లీ పొట్లం, పల్లీ చట్నీ కారుతోంది.

రెండు రోజులకి రక్తం పంపించాం.
నా గీత పన్నెండంది. రిపోర్టు పదిహేను.
ఆ మూడూ ఎక్కడ నిలవున్నాయో
పుస్తకంలో లేదు.

జకరయ్య పడుకున్నాడు.
కుడిచెయ్యి గాల్లో
మెల్లగా, అరచుట్టు,
ఏదో షట్టరు తిప్పుతోంది.
పెన్సిలు చెక్కుకుని
మళ్లీ తొట్టి గీస్తున్నాను,
ఈసారి బెజ్జం కాస్త చిన్నదిగా.